‘ఎప్పుడు?’, ‘ఎంతవరకు?’ – ఆటలో పిల్లలు పొరబడే చోటు



ఆదివారం అన్నాచెల్లెళ్లు చదరంగం ముందు కూర్చుంటారు. కాసేపటికే తగాదా మొదలు. “నా రాజుకు ఇందాక చెక్ పడిందంట, ఇక క్యాస్లింగ్ చేయకూడదంట!” అంటూ చిన్నది మీ దగ్గరికి వస్తుంది. “ఆట ఆపేయండి” అనేముందు ఒక్క నిమిషం ఆగండి. ఇక్కడ ఒక మంచి పాఠం ఉంది.

వంతులవారీగా ఆడే ఆటల్లో కొన్ని స్థితులు తాత్కాలికం, కొన్ని శాశ్వతం. రాజుకు చెక్ ఉన్నంతసేపే క్యాస్లింగ్ కుదరదు. రాజు కదలకుండానే ఆ చెక్ తొలగితే, తర్వాత చేసుకోవచ్చు. అదే రాజు ఒక్కసారి కదిలితే, తిరిగి పాత గడికే వచ్చినా ఆ ఆటలో క్యాస్లింగ్ ఉండదు. కాబట్టి చిన్నదాని రాజు ఇంకా కదలకపోతే న్యాయం ఆమె వైపే. ‘ఆన్ పసాన్’ది మరో తీరు. ఎదుటి బంటు రెండు గళ్లు దూకి మన బంటు పక్కన నిలిస్తే, వెంటనే వచ్చే వంతులోనే దాన్ని అలా చంపాలి. ఆ వంతు దాటితే అవకాశం పోయినట్టే.

పోకెమాన్ వీడియో గేమ్‌లోనూ ఇదే చిక్కు. విషం తగిలిన పోకెమాన్‌కు ఆ నష్టం రౌండ్ చివర జరుగుతుంది. అంతలోపు తన వంతు ఉంటే అది ఎదురుదెబ్బ కొట్టవచ్చు. నిద్రపోయినదానికి మాత్రం సాధారణంగా మేలుకునేదాకా దెబ్బ కొట్టే వీలుండదు. పిల్లలు ఈ రెంటినీ కలిపేసుకుంటారు.

మన పులి-మేక సంగతి చూడండి. ఇళ్లలో ఎక్కువగా ఆడే పద్ధతిలో పులులు మూడు, మేకలు పదిహేను. మేకలన్నీ బరిలోకి దిగేదాకా ఏ మేకా కదలకూడదు. దారులన్నీ మూసుకుపోయిన పులి కట్టుబడినట్టు. పక్కనున్న మేక జరిగి దారి వదిలితే ఆ కట్టు విడిపోతుంది.

ఇంట్లో తగాదా వస్తే తీర్పు మీరే చెప్పకండి. ఈ మూడు ప్రశ్నలు అడగండి:

1. ఈ ఎత్తు ఎప్పుడు వేయవచ్చు?
2. ఈ స్థితి ఎంతవరకు ఉంటుంది? ఏం జరిగితే పోతుంది?
3. రెండూ ఒకేసారి వస్తే ముందు ఏది?

పరీక్షలో ప్రశ్న చదివేటప్పుడూ ఇవే అక్కరకొస్తాయి. ‘వరకు’, ‘తర్వాత’, ‘వెంటనే’ అనే మాటలను దాటేసి, లెక్క వచ్చి కూడా మార్కులు పోగొట్టుకునే పిల్లలు ఉంటారు. బ్రాకెట్ ముందా, గుణకారం ముందా అన్నదీ మూడో ప్రశ్నే.

ఈ నెల ఒక సాయంత్రం ఇంట్లో కడప బండ మీద సుద్దముక్కతో పులి-మేక గీయండి. అవ్వనో తాతనో నియమాలు చెప్పమనండి. మొదటి ఎత్తు వేయకముందే ఆ నియమాలను పిల్లల చేతనే ఒక కాగితం మీద రాయించండి. తగాదా వచ్చినప్పుడు ఆ కాగితమే పెద్దమనిషి.