నడుస్తూ నడుస్తూ ఆగిపోయే ఇంజను

2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్ వంటి పాత పెట్రోలు కార్లు ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఉన్నాయి. ఎండలో కొంతదూరం పోగానే ఇంజను ఆగిపోతుంది. చల్లారితే మళ్ళీ స్టార్టవుతుంది. రైలు గేటు మధ్యలో ఆగితే ప్రాణంమీదికే వస్తుంది. చూసినవాళ్ళు కార్బురేటర్ మార్చెయ్యమంటారు. నేను మాత్రం ముందు రెండే ప్రశ్నలు వేసుకుంటాను: నిప్పురవ్వ వస్తోందా? పెట్రోలు అందుతోందా?

బండిని పక్కకు చేర్చి, వేడి తగ్గకముందే పరీక్షించాలి. చల్లారాక అన్నీ బాగానే కనబడతాయి. చిక్కంతా అక్కడే ఉంది. విడి స్పార్కుప్లగ్గుకు ఒక ప్లగ్గు వైరు తగిలించి, దాని లోహపు భాగం ఇంజనుకు ఆనేలా పెట్టి, చెయ్యి తీసేసి, స్టార్టరు తిప్పించండి. పెట్రోలు కారుతుంటే మాత్రం ఈ పని తలపెట్టొద్దు.

రవ్వ రాలేదా? కాయిలు, కండెన్సరు, కాంటాక్టు పాయింట్లు చూడాలి. వేడికి చెడి, చల్లారగానే పనిచేసే కాయిళ్ళు కద్దు. రవ్వ బలంగా ఉంటే పెట్రోలు దారి చూడాలి. గొట్టంలో పెట్రోలు ఆవిరైతే పంపు లాగలేదు. పంపుమీద తడిగుడ్డ వేశాక బండి కదిలితే అదే కారణం కావచ్చు. ట్యాంకు మూతకున్న గాలిరంధ్రం పూడినా ఇదే తంతు. మూత వదులుచేస్తే గాలి బుస్సున లోపలికి పోతుంది.

పాత బండికి విడిభాగాలు దొరకడమే గగనం. బాగున్నదాన్ని పీకి పారేయడమెందుకు? రోగం తేలాకే మందు!