చిల్లర లెక్క: కెనడా నాణేలు



అంగడిలో నోటు ఇచ్చి వస్తువు కొంటే మిగిలిన సొమ్ము చిల్లరగా తిరిగి వస్తుంది. ఆ చిల్లర చాలా ఇండ్లలో ఒక డబ్బాలో చేరుతుంది. డబ్బా నిండిన తరువాత ఆ నాణేలను ఎక్కడ లెక్కించాలి? ఎక్కడ నోట్లుగా మార్చుకోవాలి? మన కుటుంబాల పిల్లలు కొందరు పైచదువులకు కెనడా వెళ్తున్నారు కనుక ఆ దేశపు నాణేలతోనే ఈ పాఠం నేర్చుకుందాం.

కెనడాలో ఒక డాలరుకు నూరు సెంట్లు. నేడు అక్కడ సాధారణంగా చేతులు మారే నాణేలు ఐదు: 5 సెంట్ల నికెల్, 10 సెంట్ల డైమ్, 25 సెంట్ల క్వార్టర్, ఒక డాలరు లూనీ, రెండు డాలర్ల టూనీ. లూనీ 1987లో వచ్చింది. దానిపై మొదట పడవ నడిపేవారి బొమ్మ వేయవలెనని తలచారు. కానీ ఆ బొమ్మ చెక్కిన అచ్చులు ఒట్టావా నుండి విన్నిపెగ్ టంకశాలకు వెళ్ళే దారిలో మాయమయ్యాయి. దొంగ నాణేలు పుడతాయేమోనన్న భయంతో ఆ బొమ్మను మాని, లూన్ అనే నీటిపక్షిని ముద్రించారు. పక్షి పేరే నాణేనికి పేరయినది. 1996లో రెండు డాలర్ల నాణెం రాగానే దానికి టూనీ అనే పేరు స్థిరపడినది.

ఇక్కడ ఒక చిక్కు కలదు. డైమ్ విలువ నికెల్ విలువకు రెట్టింపు, కానీ ఆకారంలో డైమ్ చిన్నది. నికెల్ అడ్డుకొలత 21.2 మిల్లీమీటర్లు, డైమ్‌ది 18 మిల్లీమీటర్లు మాత్రమే. పూర్వం డైమ్‌ను వెండితో చేసేవారు. వెండి ఖరీదైనది కనుక నాణెం చిన్నదైనా సరిపోయేది. 5 సెంట్ల నాణేన్ని 1922 నుండి చౌకయిన నికెల్ లోహంతో పెద్దదిగా చేశారు. తరువాత డైమ్‌లో వెండి పోయినది, పరిమాణం మాత్రం నిలిచినది. పెద్ద నాణేనికే పెద్ద విలువ అనుకుంటే లెక్క తప్పుతుంది.

తిరుమల శ్రీవారి హుండీ సొమ్మును పరకామణిలో లెక్కిస్తారని మీరు వినే ఉంటారు. అక్కడ నాణేలను రకాలవారీగా వేరు చేసి లెక్క కడతారు. మీ డబ్బాకు కూడా అదే పద్ధతి. ఐదు కుప్పలుగా వేరు చేస్తే సగం పని అయినట్లే.

తరువాత బ్యాంకు. కెనడా బ్యాంకులలో నాణేలు చుట్టే కాగితపు గొట్టాలు దొరుకుతాయి. ఒక గొట్టంలో 40 నికెళ్ళు పడితే 2 డాలర్లు, 50 డైములు పడితే 5 డాలర్లు, 40 క్వార్టర్లు పడితే 10 డాలర్లు. లూనీలైనా టూనీలైనా 25 చొప్పున పడతాయి. గొట్టాలు నింపి మీ ఖాతా ఉన్న శాఖలో ఇస్తే వాటి విలువ ఖాతాలో చేరుతుంది.

ఇంత ఓపిక లేనివారి కోసం పెద్ద అంగళ్ళలో కాయిన్‌స్టార్ వంటి యంత్రాలు కలవు. నాణేలను కలిపి పోస్తే చాలు, యంత్రమే వేరుచేసి, లెక్కించి, చీటీ ఇస్తుంది. ఆ చీటీని అంగడి గల్లా వద్ద ఇచ్చి నగదు పుచ్చుకోవచ్చును. అయితే ఈ సేవకు రుసుము ఉన్నది. వందకు పది కంటే ఎక్కువే పోవడం మామూలు. వందకు పన్నెండు అనుకొని లెక్క వేద్దాం. మీ డబ్బాలో 120 క్వార్టర్లు, 100 డైములు, 80 నికెళ్ళు ఉన్నవి. కొత్త నాణేలైతే అవి సుమారు ఒక కిలో తూగుతాయి. విలువ 30, 10, 4 కలిపి 44 డాలర్లు. యంత్రం 5 డాలర్ల 28 సెంట్లు ఉంచుకొని 38 డాలర్ల 72 సెంట్లకు చీటీ ఇస్తుంది. అరగంట కూర్చొని గొట్టాలు నింపితే ఆ ఐదు డాలర్లు మీవే. నా మట్టుకు నేను కూర్చొని లెక్కించడమే మేలంటాను.

పైగా గల్లా వద్ద మీ చేతికి వచ్చేది 38 డాలర్ల 70 సెంట్లే! ఎందుకంటే కెనడాలో ఒక సెంటు నాణెం ఇప్పుడు లేదు. దానిని చేయడానికి 1.6 సెంట్లు ఖర్చయ్యేది. 2012 మే 4న విన్నిపెగ్‌లో చివరి నాణేన్ని ముద్రించి, 2013 ఫిబ్రవరి 4 నుండి పంచడం మానివేశారు. నగదు లెక్కలో 1, 2 సెంట్లు మిగిలితే వదలివేస్తారు, 3, 4 అయితే 5 చేస్తారు. కార్డుతో చెల్లిస్తే మాత్రం సెంటు కూడా తేడా రాదు. మన మలేషియాలో 2008 ఏప్రిల్ 1 నుండి ఒక సెన్ విషయంలో జరిగినదీ ఇదే. పాత డబ్బాలో సెంటు నాణేలు దొరికితే పారవేయకండి, యాభై చొప్పున చుట్టి బ్యాంకులో ఇవ్వవచ్చును.

చిల్లర సంచితో నేరుగా అంగడికే వెళ్ళరాదా అని మీరు అడగవచ్చును. వెళ్ళవచ్చును, కానీ చట్టంలో హద్దులు ఉన్నవి. ఒకసారి చెల్లింపులో నికెళ్ళు 5 డాలర్ల వరకు, డైములు, క్వార్టర్లు 10 డాలర్ల వరకు, లూనీలు 25 డాలర్ల వరకు, టూనీలు 40 డాలర్ల వరకే చెల్లుతాయి. అంతకు మించితే అంగడివారు వద్దనవచ్చును. అలా అన్నప్పుడు సంచి తెచ్చిన తాతగారో అవ్వగారో చిన్నబోతారు. వారితో మీరు ఉంటే, అది అవమానం కాదని, చట్టపు లెక్క అని మెల్లగా చెప్పి బ్యాంకుకు తీసుకువెళ్ళండి.

అభ్యాసం: ఒక డబ్బాలో 75 లూనీలు, 90 డైములు, 61 నికెళ్ళు ఉన్నవి. ఎన్ని గొట్టాలు పూర్తిగా నిండుతాయి? ఏ నాణేలు ఎన్ని మిగులుతాయి? యంత్రం వందకు పన్నెండు తీసుకుంటే ఎంత పోతుంది? జవాబులను తెలుగు అంకెల పేర్లతో వ్రాసి వచ్చే తరగతికి తీసుకురండి.