పాదాలు మొద్దుబారినవారు పడిపోకుండా ఉండాలంటే

“దూది మీద నడిచినట్లుంది, చెప్పు జారిపోయినా తెలియడం లేదు.” షుగర్ వ్యాధి ఉన్న పెద్దల నోట మేము తరచుగా వినే మాట ఇది. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతింటాయి.

మనం తూలకుండా నిలబడడానికి కళ్ళు, లోపలి చెవి, పాదాల స్పర్శ అవసరం. స్పర్శ తగ్గినవారు ఎక్కువగా కళ్ళ మీదే ఆధారపడి నడుస్తారు. అందుకే పగలు బాగా తిరిగేవారు కూడా రాత్రి కరెంటు పోతే తడబడతారు. మన కర్నూలు, కడప ఇళ్ళలోని నాపరాతి బండలు తడిస్తే జారుతాయి కూడా. తుంటి ఎముక విరిగితే మంచాన పడవలసి వస్తుంది.

వ్యాయామంతో పోయిన స్పర్శ తిరిగి వస్తుందని చెప్పలేము. కాని కాళ్ళకు బలం, నిలకడ వస్తాయి. డాక్టరుకు చూపించుకొని, వారానికి కనీసం 3 రోజులు ఇవి చేయండి.

1. గోడకు ఆనించిన కుర్చీలో నుండి 10 సార్లు నెమ్మదిగా లేచి కూర్చోండి.

2. కిటికీ ఊచలు పట్టుకొని మడమలు 10 సార్లు ఎత్తి దించండి.

3. ఊచలు వదలకుండా ఒక పాదం ముందు మరొక పాదం ఉంచి 10 అంకెలు లెక్కపెట్టండి. పాదాలు మార్చి మళ్ళీ చేయండి.

4. అలవాటైన తరువాత, పట్టుకొనే ఒంటికాలిపై 10 అంకెలు నిలబడండి.

కళ్ళు మూసుకొని చేయవద్దు. ఖాళీ కడుపుతో చేయవద్దు. పడుకొని లేచిన వెంటనే నిలబడక, కాసేపు మంచం మీద కూర్చోండి.

వ్యాయామానికి ముందు పాదాలు చూసుకోండి. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల పాదాల పుండ్లకు నొప్పి తెలియకపోవడం ముఖ్య కారణమని గ్రహించారు. షుగర్ పాదాలకూ అదే వర్తిస్తుంది. పుండు, బొబ్బ, వాపు ఉంటే నిలబడి చేసే వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి రండి. వేసవిలో కాలిన బండ మీద చెప్పులు లేకుండా అడుగు పెట్టవద్దు. బొబ్బ లేచేవరకు వేడి తెలియకపోవచ్చు.

కుటుంబ సభ్యులకు ఒక మాట. పెద్దవారు వ్యాయామం చేసేటప్పుడు పక్కన నిలబడండి. స్నానాలగది నేల పొడిగా ఉంచండి. వారి దిండు దగ్గర ఒక టార్చిలైటు పెట్టండి.