డీజిల్ పికప్ వాహనాలకు, ట్రాక్టర్లకు నిలువు పొగగొట్టం: అమరిక సూత్రాలు, జాగ్రత్తలు

సారాంశం

డీజిల్ ఇంజను పొగను వాహనం కింది నుంచి గాక పైకి పంపే నిలువు పొగగొట్టం ట్రాక్టర్లలో సర్వసాధారణం. అమెరికాలో పెద్ద ట్రక్కులతో పాటు పికప్ వాహనాలకు కూడా దీనిని అమర్చే అలవాటు ఉంది. పొగగొట్టాన్ని మార్చితే ఇంజను శక్తి పెరుగుతుందనే అభిప్రాయం ప్రచారంలో ఉన్నా, దాని అసలు ప్రయోజనం పొగను, వేడిని, నిప్పురవ్వలను మనిషికి, పైరుకు దూరంగా తీసుకుపోవడమే. అమరికను వెనుక పీడనం, ఉష్ణ రక్షణ, పొగ వెలువడే స్థానం అనే మూడు ప్రమాణాలతో ఎలా పరీక్షించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్య పదాలు: నిలువు పొగగొట్టం, వెనుక పీడనం, నిప్పురవ్వల నిరోధకం, డీజిల్ పొగ, అగ్ని భద్రత

పరిచయం

ట్రాక్టరు ఎండిన కొయ్యకాళ్లలో, గడ్డిలో, కోత దశకు వచ్చిన పైరు అంచున పని చేస్తుంది. పొగగొట్టం నేలకు దగ్గరగా ఉంటే ఎండుగడ్డి వేడి లోహానికి తగిలి అంటుకునే ప్రమాదం ఉంటుంది. దుమ్ము, బురద కూడా గొట్టం నోటిలో చేరతాయి. అందుకే పొగను బానెట్ మీదుగా పైకి పంపే అమరిక స్థిరపడింది. అయితే మామిడి, బత్తాయి తోటలలో నిలువు గొట్టం కొమ్మలకు తగులుతుంది. అక్కడ కిందుగా అమర్చిన గొట్టమే అనువైనది. కనుక అమరికను నిర్ణయించేది పని జరిగే చోటు.

అమెరికా పికప్ వాహనాలలో గొట్టాన్ని సాధారణంగా క్యాబిన్ వెనుక, సరుకు పెట్టెలో రంధ్రం చేసి పైకి నిలుపుతారు. దీనివల్ల సరుకు స్థలం తగ్గుతుంది. వేడి గొట్టం సరుకు పక్కనే ఉంటుంది. కొందరు ఇంధన సరఫరాను కావాలని పెంచి నల్లని పొగ వదలడం కూడా అక్కడ చూడవచ్చు. నల్లని పొగ శక్తికి గుర్తు కాదు. పూర్తిగా మండని ఇంధనానికి గుర్తు. ఉద్గార నియంత్రణ పరికరాలను తొలగించడాన్ని ఆ దేశపు స్వచ్ఛ వాయు చట్టం నిషేధిస్తుంది.

వెనుక పీడనం

సిలిండర్ల నుంచి వెలువడే వాయువులు గొట్టం గోడల రాపిడిని, వంపులను, సైలెన్సర్‌ను దాటి బయటకు రావాలి. ఈ నిరోధం వల్ల ఇంజను వైపు ఏర్పడే పీడనమే వెనుక పీడనం. ఇది పెరిగితే ఇంజను తన శక్తిలో కొంత భాగాన్ని పొగను నెట్టడానికే ఖర్చు చేస్తుంది. ఇంధన వినియోగం, పొగ ఉష్ణోగ్రత పెరుగుతాయి. టర్బోచార్జర్ ఉన్న ఇంజనులో టర్బైన్‌కు లభించే పీడన వ్యత్యాసం తగ్గి, లోపలికి వచ్చే గాలి కూడా తగ్గుతుంది.

ఒక ఉదాహరణను పరిశీలించవచ్చు. 3 లీటర్ల సామర్థ్యం గల, టర్బోచార్జర్ లేని నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతున్నదనుకుంటే, 90 శాతం ఘనపరిమాణ సామర్థ్యంతో అది నిమిషానికి సుమారు 2.7 ఘనపు మీటర్ల గాలిని పీలుస్తుంది. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద పీల్చిన ఆ గాలి 450 డిగ్రీల పొగగా మారినప్పుడు ఘనపరిమాణం సుమారు 2.4 రెట్లయి, నిమిషానికి 6.5 ఘనపు మీటర్లకు చేరుతుంది. ఈ ప్రవాహానికి వేర్వేరు గొట్టాలలో వేగం, గతిక పీడనం ఇలా ఉంటాయి:

- 50 మి.మీ. లోపలి వ్యాసం: సెకనుకు 55 మీటర్లు; 76 మి.మీ. నీటి పీడనం
- 65 మి.మీ. లోపలి వ్యాసం: సెకనుకు 33 మీటర్లు, 27 మి.మీ. నీటి పీడనం
- 75 మి.మీ. లోపలి వ్యాసం: సెకనుకు 24.5 మీటర్లు, 15 మి.మీ. నీటి పీడనం

కోసి అతికించిన లంబకోణపు మలుపు ఒక్కొక్కటి దాదాపు ఈ గతిక పీడనమంత నష్టాన్ని కలిగిస్తుంది. పెద్ద వ్యాసార్ధంతో వంచిన మలుపులో నష్టం అందులో నాలుగో వంతుకు దగ్గరగా ఉంటుంది. అంటే 50 మి.మీ. గొట్టంలో మూడు కోత మలుపులు పెడితే వాటి వల్లనే 200 మి.మీ.కు మించిన నీటి పీడనం ఏర్పడుతుంది. అదే ప్రవాహానికి మలుపుల నష్టం వ్యాసపు నాలుగో ఘాతానికి, నిటారు గొట్టపు రాపిడి నష్టం సుమారు అయిదో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటాయి. కనుక గొట్టాన్ని ఎక్కడా సన్నబరచకూడదు.

ఒక స్థాయి దాటాక వ్యాసాన్ని పెంచినా లాభం ఉండదు. మొత్తం నష్టం అప్పటికే స్వల్పమైతే, ఇంకా లావు గొట్టం బరువును, కంపనాన్ని మాత్రమే పెంచుతుంది.

కొలిచే విధానం సులభం. సైలెన్సర్‌కు ముందు, టర్బోచార్జర్ ఉంటే దాని తరువాత, నిటారు భాగంలో చిన్న గొట్టపు కొనను అతికించి, కొంత పొడవు రాగి గొట్టం ద్వారా నీటి మానోమీటర్‌కు కలపాలి. పూర్తి భారం మీద, నిర్దేశిత వేగం వద్ద రీడింగ్ తీసుకోవాలి. 1 కిలోపాస్కల్ సుమారు 102 మి.మీ. నీటి ఎత్తుకు సమానం. మార్పునకు ముందూ తరువాతా కొలిచి, ఇంజను తయారీదారు పేర్కొన్న పరిమితితో పోల్చాలి.

లోహం, అతుకు, ఆధారం

అల్యూమినియం పూత గల ఉక్కు గొట్టం లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం ఈ పనికి తగినది. నీటి సరఫరాకు వాడే జీఐ పైపు తగదు. దాని మీది జింకు సుమారు 420 డిగ్రీల వద్ద కరుగుతుంది. వెల్డింగ్ సమయంలో వెలువడే జింకు పొగ పీల్చిన వారికి చలిజ్వరం వంటి లక్షణాలు కలుగుతాయి. ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ఇంజనులలో వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలను విప్పాలి.

ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది. 1.5 మీటర్ల గొట్టం 400 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మి.మీ. పొడవు పెరుగుతుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కదులుతుంది కాని చట్రం కదలదు. రెండింటి మధ్య వంగే బెలోస్ ముక్క లేకపోతే మానిఫోల్డ్ వద్ద గాని, టర్బోచార్జర్ అంచు వద్ద గాని పగుళ్లు వస్తాయి. గొట్టం బరువు టర్బోచార్జర్ మీద పడకుండా చట్రానికి బిగించిన బ్రాకెట్టే మోయాలి.

వేడి, నిప్పురవ్వలు

గొట్టం చుట్టూ గాలి ఆడే ఖాళీతో రంధ్రాల రేకు కవచం అమర్చాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 113వ నియమం ప్రకారం పొగగొట్టానికి, ఇంధన గొట్టానికి మధ్య దూరం 35 మి.మీ.కు తగ్గకూడదు. బ్రేకు గొట్టాలు, విద్యుత్ తీగలకు కూడా తగిన దూరం పాటించాలి. పికప్ పెట్టెలో గడ్డి, పత్తి, గోనె సంచులు తీసుకుపోయేటప్పుడు కవచం మీద పేరుకున్న చెత్తను ప్రతి ప్రయాణానికి ముందు తుడిచివేయాలి.

తక్కువ భారం మీద ఎక్కువసేపు నడిచిన ఇంజనులో గొట్టం గోడలకు మసి పేరుకుంటుంది. తరువాత భారం పెరిగినప్పుడు ఆ మసి పెళ్లలు మండుతూ ఎగిరిపోతాయి. వాటిని తిప్పి గోడకు కొట్టి చల్లార్చే నిప్పురవ్వల నిరోధకం నూర్పిడి కళ్లం, గడ్డివాముల వద్ద పనిచేసే యంత్రాలకు అవసరం. దానిలో పేరుకున్న మసిని తరచు తొలగించకపోతే అదే వెనుక పీడనానికి కారణమవుతుంది.

పొగ వెలువడే స్థానం

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మానవులలో క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. కాబట్టి గొట్టం నోరు నడిపేవారి తలకంటే ఎత్తులో, వారికి ఎదురుగా కాక పక్కకు తిరిగి ఉండాలి. కదిలే పికప్ క్యాబిన్ వెనుక గాలి పీడనం తగ్గి సుడులు ఏర్పడతాయి. గొట్టం నోరు క్యాబిన్ పైకప్పుకంటే తక్కువలో ఉండి, వెనుక అద్దం తెరిచి ఉంటే పొగ లోపలికి వస్తుంది. ఎత్తు పెంచేటప్పుడు షెడ్డు ద్వారం, పొలం మీదుగా కిందికి వేలాడే విద్యుత్ తీగలు అడ్డు కాకుండా చూడాలి.

చెవికి దగ్గరగా వచ్చిన గొట్టం శబ్దాన్ని కూడా దగ్గర చేస్తుంది. సైలెన్సర్ తీసివేసి నేరు గొట్టం పెట్టడం నడిపేవారి వినికిడికి హానికరం.

వాన నీరు నిలువు గొట్టం ద్వారా ఇంజనులోకి దిగకుండా పొగ తాకిడికి తెరుచుకునే మూతను గాని, వంపు కొనను గాని అమర్చాలి. ట్రాక్టరును లారీ మీద తరలించేటప్పుడు ఎదురుగాలి గొట్టంలో దూరి, నూనె అందని స్థితిలో టర్బోచార్జర్‌ను తిప్పే అవకాశం ఉంది. అందువల్ల గొట్టం నోటిని మూసి కట్టాలి. ఇంజను ప్రారంభించే ముందు విప్పాలి.

చట్ట పరిమితులు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్-6 వాహనాలలో మసి వడపోత పరికరం, ఉష్ణోగ్రత, పీడన సెన్సార్లు పొగ మార్గంలోనే ఉంటాయి. మసిని కాల్చే సమయంలో వడపోత 550 నుంచి 600 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. ఈ పరికరాలకు ముందు భాగాన్ని తాకకూడదు. వాటి తరువాతి గొట్టపు మార్పునకు కూడా తయారీదారు సలహా, రవాణా శాఖ అనుమతి విషయాలు ముందుగా తెలుసుకోవాలి.

ముగింపు

నల్లని పొగతో, శక్తి తగ్గిందని రైతు యంత్రాన్ని తెచ్చినప్పుడు ముందుగా గాలి వడపోత, ఇంజెక్టర్లు, పనిముట్టు భారం పరిశీలించాలి. ఈ లోపాలను కొత్త గొట్టం సరిచేయదు. గొట్టమే మార్చవలసి వస్తే వెనుక పీడనం పరిమితిలో ఉన్నదా, వేడి లోహం మండే వస్తువులకు దూరంగా ఉన్నదా, పొగ నడిపేవారి శ్వాసకు అందకుండా పోతున్నదా అనే మూడు ప్రశ్నలకు సమాధానం లభించిన తరువాతే యంత్రాన్ని పొలానికి పంపాలి. విస్తరణ శాస్త్రవేత్తలు యంత్ర మరమ్మతు శిక్షణలలో మానోమీటర్ కొలతను ప్రదర్శనగా చేర్చితే, గ్రామీణ వెల్డింగ్ పనివారికి కోత మలుపుకు, వంచిన మలుపుకు గల తేడా కళ్లకు కట్టినట్లు తెలుస్తుంది.