ఆ పేరుగల మనిషి నువ్వేనా?

బదిలీ మీద కొత్త ఊరు వెళ్లి, కొత్త తరగతిలో కూర్చున్నాక, హాజరు పిలుస్తుంటే మీ పేరు మీకే కొత్తగా వినిపించిందా? మన తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాసుకుంటాం. ఫారంలో అదే మొదటి పేరుగా పడితే, వేరే రాష్ట్రంలో టీచరుగారు మనల్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు. ఒక బడి ఇచ్చిన టీసీలో ‘శ్రీనివాసరావు’ అని కలిపి ఉంటుంది, ఇంకో బడి మార్కుల జాబితాలో ‘శ్రీనివాస రావు’ అని విడిగా ఉంటుంది. మనిషి ఒక్కడే. కాగితాలు చూసేవారికి మాత్రం ఇద్దరు!

ఈ చిక్కు దేశాల మధ్య వస్తే ఏమవుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఐరోపా సమాఖ్యలో 27 దేశాలున్నాయి. చదువుకోసమో ఉద్యోగంకోసమో ఒక దేశంవారు మరో దేశానికి వెళ్లడం అక్కడ మామూలు. అందుకే 2014లో ‘ఈఐడాస్’ అనే చట్టం చేశారు. ఒక దేశం తన ప్రజలకిచ్చిన డిజిటల్ గుర్తింపును సమాఖ్య దగ్గర నమోదు చేయిస్తే, అది తగినంత భద్రమైనదైతే, మిగతా దేశాల ప్రభుత్వ సేవలు కూడా దాన్ని ఒప్పుకోవాలి. 2018 సెప్టెంబరు 29 నుంచి ఇది తప్పనిసరి అయింది.

లాగిన్ అయినప్పుడు సరిహద్దు దాటి తప్పక వెళ్లే వివరాలు నాలుగే: ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, ఆ దేశం ఇచ్చే ఒక ప్రత్యేక సంఖ్య. పుట్టిన ఊరు, చిరునామా వంటివి ఐచ్ఛికం.

ఇప్పుడొక ఊహ. స్పెయిన్ అమ్మాయి ఒకతె ఎస్టోనియాలో చదువుకుంది. ఎస్టోనియాలో ప్రతి ఒక్కరికీ 11 అంకెల సంఖ్య ఉంటుంది, ఆమెకూ ఇచ్చారు. స్పెయిన్‌లో తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి, మొత్తం రెండు ఇంటిపేర్లు పెట్టుకోవడం ఆచారం. ఎస్టోనియా రికార్డులో ఒక్కటే ఎక్కింది. కొన్నేళ్లకు ఇంటికి తిరిగివచ్చి, తన పాత సర్టిఫికెట్ కోసం స్పెయిన్ గుర్తింపుతో ఎస్టోనియా సేవలోకి లాగిన్ అయింది. తలుపు తెరుచుకుంది. కాని లోపల ఆమె రికార్డు ఏదో కంప్యూటరుకు తెలియలేదు.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి, గమనించండి. ‘ఈ గుర్తింపు నిజమైనదేనా?’ అనేది మొదటిది. ‘మా రికార్డులో ఉన్న మనిషి ఈమేనా?’ అనేది రెండోది. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోదానికి దొరకదు. ఈ రెండో పనినే గుర్తింపును సరిపోల్చడం అంటారు.

సరిపోల్చడంలో రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకటి, ఒకే మనిషిని ఇద్దరనుకోవడం. అప్పుడు రావలసిన పింఛనో సర్టిఫికెట్టో అందదు. రెండు, ఇద్దరు మనుషులను ఒకరనుకోవడం. ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ ఉన్నవారు ఇద్దరుంటే ఒకరి వైద్య వివరాలు ఇంకొకరి చేతిలో పడవచ్చు. మొదటి తప్పులో బాధితులు అడుగుతారు కాబట్టి అది బయటపడుతుంది. రెండోది ఎవరికీ తెలియకుండానే జరిగిపోవచ్చు. అందుకే అది ఎక్కువ ప్రమాదం.

‘అందరికీ అన్ని దేశాల్లో చెల్లే ఒకే సంఖ్య ఇస్తే పోలేదా?’ అని మీరడగవచ్చు. ఒకే సంఖ్య అన్నిచోట్లా ఉంటే, దాని సాయంతో ఒక మనిషి చదువు, జబ్బులు, జీతం అన్నీ ఒకచోట చేర్చి చూడవచ్చు. ఇది అందరికీ నచ్చదు. జర్మనీ గుర్తింపు కార్డు ఒక్కో సేవకు ఒక్కో మారుసంఖ్య ఇస్తుంది. కార్డు మారితే అదీ మారుతుంది. గోప్యతకు ఇది మేలు, సరిపోల్చడానికి కష్టం.

మరి దారి ఏమిటి? పేరు, తేదీ చూసి యంత్రం ఊహించకూడదు. అనుమానం ఉంటే ఆ మనిషినే అడగాలి: ‘మేమిచ్చిన పాత సంఖ్య ఉందా? పత్రం ఉందా?’ అప్పటికీ తేలకపోతే అధికారి చూడాలి. ఒకసారి రుజువయ్యాక ఆ రెండు గుర్తింపులను ముడివేసి ఉంచితే, మళ్లీ అడగనక్కరలేదు. 2024లో ఈఐడాస్‌కు చేసిన సవరణ, సరిహద్దు దాటిన సేవల్లో ఏ సందేహానికీ తావులేకుండా సరిపోల్చాలనీ, ఆ వివరాలతో మనుషులపై నిఘా చిట్టా తయారుకాకుండా కాపాడాలనీ ప్రభుత్వాలకు చెబుతోంది.

బదిలీల పిల్లలమైన మనకు ఇందులో పాఠం ఉంది. ఈసారి టీసీ చేతికి రాగానే జనన ధ్రువపత్రం, ఆధార్ పక్కన పెట్టి మీ పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే ఆ ఊరు వదలకముందే దిద్దించుకోండి. ఊరు మారాక దిద్దించడం ఎంత కష్టమో మీ నాన్నగారినో అమ్మగారినో అడిగితే చెబుతారు.

ఆలోచించండి:
1. మీ తరగతిలో ఒకే పేరుగలవారు ఇద్దరుంటే, టీచరుగారు ఏ వివరాలతో గుర్తిస్తారు?
2. ఆ వివరాల్లో కాలంతోపాటు మారిపోయేవి ఏవి? మారనివి ఏవి?