మగవాళ్ళు – మనోవేదన

మా మార్కాపురం పల్లెల్లో మిరపకు తెగులొస్తే రైతు ఆకు తెంపుకొని మందుల కొట్టుకు పోతాడు. బోరు ఎండితే నలుగురికీ చెబుతాడు. మనసు బాగాలేకపోతే మాత్రం ఎవరికీ చెప్పడు. ‘మగోడివి, ఏడుస్తావేంరా!’ అన్న మాట చిన్నప్పుడే చెవిన పడి ఉంటుంది గదా!

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో పురుషులు 1,22,724 మంది. అంటే పదిమందిలో ఏడుగురు.

కుంగుబాటు ఒక జబ్బు. ఎడతెగని దిగులుతో అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. నిద్ర, ఆకలి చెడతాయి. మగవాళ్ళలో ఇది తరచుగా కోపంగానో, తాగుడుగానో, ఒళ్ళు నొప్పులుగానో బయటపడుతుంది. అందుకే ఇంట్లోవాళ్ళు పోల్చుకోలేరు.

మా నాయన కూడా ‘నిద్ర పట్టటంలా’ అంటాడే గాని ‘దిగులుగా ఉంది’ అనడు. కాబట్టి ముందు మనమే అడగాలి, అడ్డు చెప్పకుండా వినాలి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని వైద్యులు చెబుతున్నారు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్‌కు 14416 నెంబరుపై ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మిత్రులారా, ఈ నెంబరు ఇంట్లో గోడమీద రాసిపెట్టండి. హాస్టలు గదిలో కూడా!