కుట్టిన పుస్తకం

వేసవి సెలవులు వచ్చాయి. బడికి తాళం పడింది.

మంగమ్మ మామిడితోటలో కూలికి పోతుంది. పొద్దున పోతే మళ్ళీ సాయంత్రమే రావడం. అంతవరకూ ఇంట్లో కూతురు చిట్టి ఒక్కతే. చిట్టికి పదమూడేళ్ళు.

ఒకరోజు చిట్టి తల్లిని అడిగింది.

"అమ్మా! లైబ్రరీలో నోటుపుస్తకాలు కుట్టడం నేర్పుతారంట. పదేళ్ళ నుంచి పదహారేళ్ళ దాకా ఎవరైనా రావచ్చంట. నేనూ పోతానే."

"ఎంత కట్టాలి?"

"ఏమీ కట్టక్కర్లేదు. పాత నోటుపుస్తకాలు ఉంటే తెమ్మన్నారు."

"వద్దే. అక్కడ అంతా మగవాళ్ళు కూర్చుని పేపర్లు చదువుతుంటారు. ఎదిగిన పిల్లవి. నలుగురూ ఏమనుకుంటారు?"

చిట్టి ముఖం చిన్నబోయింది. ఇంకేమీ అడగలేదు.

ఆ రాత్రి మంగమ్మకు నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు తననూ ఇలాగే అన్నారు. "ఆడపిల్లకు బడెందుకు? తమ్ముణ్ణి ఎత్తుకో" అన్నారు. నలభై ఏళ్ళు వచ్చాక గానీ తను పలక పట్టలేదు.

మర్నాడు తోటలో పని లేదు. మంగమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని లైబ్రరీకి వెళ్ళింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"లోపలికి రండమ్మా" అంది లైబ్రరీ మేడం.

"మాలాంటి వాళ్ళు రావచ్చా అమ్మా?"

"ఇది మీదే కదమ్మా! మీరు ఇంటిపన్ను కడుతున్నారు. ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. 1960లో చేసిన గ్రంథాలయాల చట్టంలోనే ఆ ఏర్పాటు ఉంది. ఆ డబ్బు లైబ్రరీలకే వస్తుంది."

మంగమ్మ మనసులో మాట చెప్పింది. మేడం నవ్వలేదు, కోప్పడలేదు.

"మీ భయం నిజమే. అందుకే పిల్లల్ని వరండాలో కూర్చోబెడుతున్నాం. దారినపోయే వాళ్ళందరికీ కనబడతారు. రోజూ ఇద్దరు తల్లులు తోడుంటారు. వీలైన రోజు మీరూ రండి" అంది.

చిట్టి ఆ రోజే చేరింది.

నోటుపుస్తకం కుట్టే పద్ధతి

ఏడాది చివర పిల్లల నోటుపుస్తకాల్లో తెల్ల కాగితాలు మిగిలిపోతాయి. వాటిని విడదీసి దాచాలి.

1. పెద్ద కాగితాలు 8 తీసుకోవాలి. ఒకదాని మీద ఒకటి పేర్చి మధ్యకు మడవాలి. 32 పేజీలు వస్తాయి.

2. పాత క్యాలెండర్ కాగితం పైన అట్టగా వేయాలి.

3. మడత మీద దబ్బనంతో మూడు చిల్లులు పొడవాలి. ఒకటి మధ్యలో, ఒకటి పైన, ఒకటి కింద.

4. సూదిలో గట్టి దారం ఎక్కించాలి. పుస్తకం లోపలి నుంచి మధ్య చిల్లులో గుచ్చి బయటికి తీయాలి. దారం కొస లోపల కొంచెం వదలాలి. పై చిల్లులోంచి లోపలికి పోవాలి. కింది చిల్లులోంచి బయటికి రావాలి. మళ్ళీ మధ్య చిల్లులోంచి లోపలికి పోవాలి. దారం రెండు కొసలూ కలిపి ముడి వేయాలి.

ఖర్చు సూదికీ దారానికే. మిగతాదంతా ఇంట్లో పారేసేదే.

చిరిగిన పుస్తకాలకు మైదా జిగురు

లైబ్రరీలో చాలా పుస్తకాల అట్టలు ఊడిపోయాయి. పిల్లలు వాటినీ బాగు చేశారు. ఒక కప్పు మైదాను నాలుగు కప్పుల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపారు. సన్నని మంట మీద తిప్పుతూ కాచారు. చల్లారాక వాడారు. ఈ జిగురు నిలవ ఉండదు. కొద్దికొద్దిగానే కాచుకోవాలి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లల పనిలో కలపకూడదు.

పని అయ్యాక రోజూ అరగంట చదువు. అతికించిన పుస్తకంలో ఏముందో చూడాలని పిల్లలకు ఆశ పుట్టింది. సూది కోసం వచ్చిన చిట్టి పుస్తకం పట్టుకుని ఇంటికి వచ్చింది.

తాను కుట్టిన మొదటి నోటుపుస్తకం తల్లికి ఇచ్చింది.

"నాకెందుకే?"

"నీ కూలి రోజులు రాసుకో అమ్మా."

మంగమ్మ ఆ రోజు నుంచీ పనికి పోయిన ప్రతి రోజూ తారీకు వేసింది. కూలి డబ్బులిచ్చే రోజు వచ్చింది.

"నీవి తొమ్మిది రోజులు" అన్నాడు మేస్త్రి.

"పదకొండు బాబాయ్. ఇదిగో, తారీకులు చూడు."

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తన లెక్కతో పోల్చుకున్నాడు. రెండు రోజులు తన చీటీలో ఎక్కలేదు. ఆ రెండు రోజుల కూలీ కూడా ఇచ్చాడు.

పక్కనున్న ఆడవాళ్ళు నోటుపుస్తకాన్ని తిప్పి తిప్పి చూశారు.

"మాకూ ఒకటి కుట్టిస్తావా మంగమ్మా?" అన్నారు.

"నేను కుట్టించడమెందుకు? మీ పిల్లల్ని పంపండి. రేపు అక్కడ తోడుండేది నేనే" అంది మంగమ్మ.

ఆలోచించండి, చెప్పండి

1. చిట్టిని పంపడానికి మంగమ్మ మొదట ఎందుకు ఒప్పుకోలేదు? ఆమె భయం ఎలా తీరింది?

2. మీ ఇంటిపన్ను రసీదు తీయండి. గ్రంథాలయ పన్ను ఎంత కట్టారో చదవండి.

3. మీ ఊళ్ళో లైబ్రరీ ఉందా? మీరు ఎప్పుడైనా లోపలికి వెళ్ళారా?

4. మీ ఇంట్లో పాత కాగితాలతో ఒక నోటుపుస్తకం కుట్టండి. మొదటి పేజీలో మీ పేరు రాయండి.